కువైట్ యుద్ధం, చిత్తూరు పల్లెలు: ఇంటికి చేరాక మొదలైన బాధకు ఉన్న ఆధారాలు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించే నాటికి అక్కడ సుమారు 1,70,000 మంది భారతీయులు ఉన్నారు. వాళ్లలో కేరళవాళ్ల సంగతి లోకానికి ఎక్కువగా తెలిసింది. కానీ రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు మొదలుకొని పీలేరు, వాయల్పాడు, మదనపల్లె దాకా ఉన్న కరువు పల్లెల నుంచి కూడా అప్పటికే ఏళ్ల తరబడి జనం కువైట్‌కు పోతున్నారు. అరబ్బుల ఇళ్లలో పనికి కుదిరిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటమనుషులు, కట్టడం పనివాళ్లు. దక్షిణ రాయలసీమ నేల మీద ఆ యుద్ధంలో ఒక్క బాంబూ పడలేదు. అయినా ఆ యుద్ధం ఇక్కడి ఇళ్లలోకి వచ్చింది. ఆగిపోయిన డబ్బు రూపంలో వచ్చింది, కబురు అందని మనిషి రూపంలో వచ్చింది, కట్టుబట్టలతో దిగిన మనిషి రూపంలో వచ్చింది.

యుద్ధం మనసుకు చేసే హాని మీద నూరేళ్లకు పైగా పరిశోధన జరిగింది. అందులో ఎక్కువ భాగం సైనికుల మీద, యుద్ధం జరిగిన దేశాల పౌరుల మీద. బతుకుదెరువుకు పోయి యుద్ధంలో చిక్కుకుని, మళ్లీ సొంత ఊరు చేరిన కూలీ ఆ రెండు గుంపుల్లోనూ పడడు. అందుకే వేరే చోట్ల తేలిన విషయాలను మన ఊళ్లకు ఎంతవరకు అన్వయించుకోవచ్చో ఆచితూచి చూడాలి. నాకు బలంగా కనిపిస్తున్నది ఇది: అక్కడ కళ్లారా చూసిన భయం ఎంత ముఖ్యమో, ఇంటికి చేరాక ఎదురైన అప్పు, పనిలేమి, ఊరి మాట అంతే ముఖ్యం. చాలామంది విషయంలో అవే పెద్దవి కావచ్చు. ఇది చుట్టుపక్కల ఆధారాల నుంచి తీసిన నిర్ణయం కాబట్టి ‘కావచ్చు’ అనే మాటను వ్యాసం చివరిదాకా వదలను.

తిరిగి లెక్కేస్తే తగ్గిన అంకెలు

1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ‘షెల్ షాక్’ గురించి లాన్సెట్ పత్రికలో రాశాడు. వియత్నాం యుద్ధం తర్వాత, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగాల పట్టికలో పీటీఎస్‌డీని చేర్చింది. ఘోరం చూసిన మనిషికి ఆ దృశ్యం మళ్లీ మళ్లీ కళ్లముందు మెదలడం, ఆ ఊసొస్తే తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం దాని ముఖ్య లక్షణాలు. అప్పటి నుంచి యుద్ధం గురించి ఏ వార్త వచ్చినా ఎంత శాతం మందికి పీటీఎస్‌డీ అన్న లెక్క దాని వెంటే వస్తోంది.

ఆ లెక్క ఎంత గట్టిదో వియత్నాం అనుభవమే చెబుతుంది. 1980ల చివర జరిగిన పెద్ద జాతీయ అధ్యయనంలో, అక్కడ పనిచేసిన మగ సైనికుల్లో 30.9 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీకి గురయ్యారని తేలింది. 2006లో బ్రూస్ డోరెన్‌వెండ్ బృందం అదే సమాచారాన్ని సైనిక రికార్డులతో పోల్చి, రోజువారీ జీవితం నిజంగా దెబ్బతిన్నదా లేదా అన్నది కూడా పరిశీలించి తిరిగి లెక్కేసింది. అంకె 18.7 శాతానికి దిగింది. బాధ లేదని దీని అర్థం కాదు. దాదాపు ఐదుగురిలో ఒకరంటే చాలా పెద్ద సంఖ్య. కానీ అడిగే తీరు మారితే అంకె ఇంతగా మారుతుందని గుర్తుంచుకోవాలి.

2009లో జాచరీ స్టీల్ బృందం యుద్ధాలు, నిర్వాసం చవిచూసిన జనాల మీద జరిగిన 181 సర్వేలను ఒకచోట చేర్చింది. అన్నీ కలిపితే 81,866 మంది. సగటున పీటీఎస్‌డీ 30.6 శాతం, కుంగుబాటు 30.8 శాతం. అయితే ఒక సర్వేకూ మరో సర్వేకూ మధ్య తేడా విపరీతంగా ఉంది. కుంగుబాటు లెక్కల్లో ఆ తేడాలో నాలుగో వంతుకు పైగా నమూనా పరిమాణం, ఎంపిక తీరు, ప్రశ్నించే పద్ధతి వంటి వాటితోనే వచ్చింది. చిన్న నమూనాలు, దొరికినవాళ్లనల్లా అడిగిన సర్వేలు పెద్ద అంకెలు ఇచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 2019లో వేసిన అంచనా ప్రకారం, యుద్ధం నడుస్తున్న లేదా ఈమధ్యే ముగిసిన ప్రాంతాల్లో 22.1 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుంది. అందులో ఎక్కువ భాగం తేలికపాటిదే. తీవ్రమైనది 5.1 శాతం.

మన దేశంలో యుద్ధ వాతావరణాన్ని దగ్గరగా కొలిచిన చోటు కశ్మీర్ లోయ. వైద్య స్వచ్ఛంద సంస్థ ఎంఎస్ఎఫ్, కశ్మీర్ విశ్వవిద్యాలయం, శ్రీనగర్ మానసిక ఆరోగ్య సంస్థ కలిసి 2015లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో 45 శాతం మంది తీవ్రమైన మనోవ్యథలో ఉన్నట్టు, 19 శాతం మందిలో పీటీఎస్‌డీ లక్షణాలు ఉన్నట్టు తేలింది. మరి మన సంగతి? బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలను ఎంచుకుంది. పక్కనున్న తమిళనాడు, కేరళ అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. యుద్ధం మాట అటుంచి, మామూలు రోజుల్లో మన వాళ్ల మానసిక ఆరోగ్యం ఎలా ఉందో పోల్చుకోవడానికి కావలసిన పునాది లెక్కే ఆ సర్వేలో మనకు దొరకదు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం. ఎందుకంటే ఏ ప్రాంతానికి అంకె ఉండదో ఆ ప్రాంతానికి డాక్టరు కూడా ఆలస్యంగానే వస్తాడు.

బస్రా, బాగ్దాద్, అమ్మాన్

కువైట్‌లో చిక్కుకున్న మన వాళ్లకు నేరుగా ఇంటికి వచ్చే దారి లేదు. విమానాశ్రయం మూతపడింది. బస్సుల్లో బస్రాకు, అక్కణ్ణించి బాగ్దాద్‌కు, ఆ తర్వాత ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దుకు, చివరికి అమ్మాన్‌కు చేరాలి. ఆగస్టు ఎండలో సరిహద్దు దగ్గర గుడారాల్లో రోజులకు రోజులు వరుస కోసం కాచుకోవాలి. భారతీయులతోపాటు శ్రీలంక, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ పనివాళ్లు వేలకొద్దీ అక్కడే ఇరుక్కున్నారు. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు తోపులాట. ఆగస్టులోనే విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌తో మాట్లాడారు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిరిండియా అమ్మాన్ నుంచి బొంబాయికి 488 విమానాలు నడిపి 1,11,000 మందికి పైగా చేరవేసింది. పౌర విమానాలతో జరిగిన తరలింపుల్లో అంత పెద్దది అంతకుముందు లేదు.

మన కథల్లో, సినిమాల్లో ఈ వృత్తాంతం బొంబాయిలో విమానం దిగడంతో ముగుస్తుంది. మానసిక ఆరోగ్యం దృష్టితో చూస్తే అసలు కథ అక్కడే మొదలవుతుంది.

దిగిన మనిషి చేతిలో ఏముంది? చేతిలో ఉన్న కువైట్ దీనారాలను కొనేవాడు లేడు. ఆక్రమించిన ఇరాక్ వాటిని చలామణిలోంచే తీసేసింది. కొందరి పాస్‌పోర్టులు యజమాని దగ్గరే ఉండిపోయాయి. రావలసిన జీతం రాలేదు. ఇక్కడ ఊళ్లోనేమో, వీసా కోసం ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి తెచ్చిన సొమ్ము అలాగే ఉంది. కువైట్‌కు పోవడమంటే మన పల్లెల్లో ముందుగా అప్పు చేయడమే. ఇంట్లో బంగారం కుదువకు వెళుతుంది, లేదా పొలం కాగితాలు వెళతాయి. మొదటి ఏడాది రెండేళ్ల జీతం ఆ బాకీకే పోతుంది. ఆ లెక్కన 1989లోనో 1990 మొదట్లోనో వెళ్లినవాళ్లకు యుద్ధం అప్పు తీరకముందే వచ్చింది.

1989లో స్టీవన్ హాబ్‌ఫాల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సిద్ధాంతం చెప్పాడు. మనిషి జీవితమంతా వనరులు కూడబెట్టుకుంటాడు. సొమ్ము, ఇల్లు, పని, పరువు, తనవాళ్ల అండ, తన మీద తనకున్న నమ్మకం అన్నీ వనరులే. మానసిక ఒత్తిడి ప్రధానంగా వాటి నష్టం నుంచి పుడుతుంది, ఒక నష్టం మరో నష్టాన్ని వెంట తెస్తుంది. చేతిలో వనరులు తక్కువున్నవాడు ముందుగా కూలతాడు. కువైట్ వాపసుల విషయానికి ఇంత దగ్గరగా అతికే సిద్ధాంతం నాకు మరొకటి కనిపించలేదు.

సిద్ధాంతం ఒక్కటే సరిపోదు. దానికి కొలతల మద్దతు ఉందా? 2010లో కెన్నెత్ మిల్లర్, ఆండ్రూ రాస్ముసెన్ వివిధ యుద్ధ ప్రాంతాల అధ్యయనాలను పరిశీలించి, యుద్ధ ఘటనలకూ మానసిక బాధకూ మధ్య ఉన్న సంబంధంలో గణనీయమైన భాగం రోజువారీ కష్టాల గుండా నడుస్తోందని వాదించారు. పేదరికం, ఇరుకు బతుకు, తెగిన బంధాలు, ఇంట్లో కొట్లాట ఆ కష్టాలు. శ్రీలంక యువత మీద మిల్లర్ సహచరులతో చేసిన అధ్యయనమూ ఆ వైపే చూపింది. అఫ్గానిస్తాన్‌లో 2009లో వెలువడిన సర్వే 11 నుంచి 16 ఏళ్ల పిల్లలు 1,011 మందిని అడిగింది. ఆ పిల్లల వ్యథ బాంబులతో పాటు ఇంట్లోని హింసతోనూ గట్టిగా ముడిపడి ఉంది. వీటిలో చాలావరకు ఒకేసారి అడిగి తీసుకున్న సమాధానాలు. బాధలో ఉన్న మనిషికి రోజువారీ కష్టం పెద్దదిగా కనిపించే అవకాశమూ ఉంది. కారణం ఎటు నుంచి ఎటు పారుతోందో వాటితో పూర్తిగా తేలదు. అయినా దేశాలు వేరు, యుద్ధాలు వేరు, ఫలితాలు మాత్రం ఒకే వైపు మొగ్గుతున్నాయి. ఆ మొగ్గును తేలిగ్గా తీసిపారేయలేం.

కువైట్‌లోనే జరిగిన పరిశోధన సంగతేమిటి? యుద్ధం ముగిశాక అక్కడి పిల్లలు 51 మందిని పరిశీలించి 1993లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనంలో 70 శాతానికి పైగా పిల్లల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన పీటీఎస్‌డీ లక్షణాలు కనిపించాయి. 1997 నాటి మరో అధ్యయనం, బంధుమిత్రుల అండ ఆడపిల్లలకు కవచంగా పనిచేసిందనీ, మగపిల్లల్లో ఆ ప్రభావం కనిపించలేదనీ చెప్పింది. రెండూ విలువైనవే. కానీ రెండూ కువైటీ పిల్లల గురించి. యుద్ధానికి ముందు కువైట్ జనాభాలో సగానికి మించి విదేశీయులే. ఆ పిల్లలను ఎత్తుకుని పెంచిన చేతుల్లో మన ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. పరిశోధన ఆ ఇంటి బిడ్డను అడిగింది, ఆయా అప్పటికే దేశం దాటిపోయింది.

జెనీవా ఫారాలు

అయితే కువైట్ నుంచి వచ్చిన ఆ పనివాళ్ల బాధను ఒకే ఒక్క చోట అధికారికంగా అడిగారు. 1991 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చేసిన 687వ తీర్మానాన్ని అనుసరించి జెనీవాలో ఒక పరిహార కమిషన్ ఏర్పడింది. ఇరాక్ చమురు ఆదాయంలో వాటా తీసి యుద్ధంలో నష్టపోయినవాళ్లకు చెల్లించడం దాని పని. 2022 జనవరిలో చివరి వాయిదా ముగిసేసరికి సుమారు 15 లక్షల హక్కుదారులకు 5,240 కోట్ల డాలర్లు అందాయి. ఢిల్లీలో మన విదేశాంగ శాఖ ఇందుకోసం ప్రత్యేక కువైట్ విభాగం పెట్టి భారతీయుల దరఖాస్తులు పోగుచేసి పంపింది.

ఆ ఫారాలను దగ్గరగా చూడటం అవసరం. మొదటిది ‘ఎ’ ఫారం. 1990 ఆగస్టు 2కీ 1991 మార్చి 2కీ మధ్య కువైట్ లేదా ఇరాక్ విడిచి రావలసి వచ్చిందని చూపితే చాలు. ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇక వేరే విధమైన వ్యక్తిగత క్లెయిము ఏదీ పెట్టనని ఒప్పుకుంటే 4,000, 8,000. ‘సి’ ఫారం వేరు. అందులో పోయిన జీతం, పోయిన సామానుతోపాటు ‘మానసిక బాధ, వేదన’కూ చోటుంది. దానికి పాలక మండలి ధరల పట్టిక వేసింది. ప్రాణభయంతో మూడు రోజులకు మించి దాక్కున్న మనిషికి 1,500 డాలర్లు, ఆపైన రోజుకు 50 చొప్పున గరిష్ఠంగా 5,000. బందీగా పట్టుబడితే 1,500, ఆపైన రోజుకు 100, గరిష్ఠం 10,000. భార్యనో భర్తనో బిడ్డనో కన్నవాళ్లనో పోగొట్టుకుంటే 15,000. అత్యాచారానికి 5,000. బతకడమే కష్టమయ్యేంతగా ఉన్నదంతా పోతే 2,500.

మనసు బాధను అంతర్జాతీయ న్యాయం ఇంత పెద్ద ఎత్తున గుర్తించడం చిన్న విషయం కాదు. దారి ఖర్చుకు కూడా మొహం వాచిన మనిషికి ఆ డబ్బు నిజమైన ఆసరా. కానీ పరిశోధకుడు ఈ దరఖాస్తుల సంఖ్యను బాధకు కొలతగా వాడితే బోల్తా పడతాడు. ‘ఎ’ ఫారంలో ఎక్కువ మొత్తం కావాలంటే ‘సి’ని వదులుకోవాలి. సాక్ష్యాలు, కాగితాలు లేని మనిషి ఏది ఎంచుకుంటాడు? సంతకం కూడా రాని పనిమనిషి, ఊళ్లో ఎవరో చదివి చెబితే తప్ప ఫారం అర్థంకాని మనిషి, తక్కువ రుజువుతో ఖాయంగా వచ్చే 4,000 వైపు మొగ్గడం సహజం. కాబట్టి మానసిక వేదన కింద క్లెయిము పెట్టలేదంటే వేదన లేదని కాదు. ఈ ఎంపిక పేదవాళ్లలో, చదువులేనివాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువగా జరిగి ఉంటుందని నా ఊహ. ఊహే అయినా, పాత ఫైళ్లు తెరిస్తే పరీక్షించగలిగిన ఊహ ఇది.

అత్యాచారానికి కట్టిన ధర గురించి ఒక మాట చెప్పాలి. ఆక్రమణ కాలంలో ఆసియా దేశాల ఇంటిపని మహిళల మీద సైనికులు అత్యాచారాలు చేశారని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఇంత జరిగినా పల్లెకు తిరిగొచ్చిన ఆడమనిషి ఆ ఫారం నింపడమంటే ఊరి నోట్లో పడటమే. ఏమీ జరగనివాళ్ల మీద కూడా కువైట్‌లో ఏం జరిగిందో అన్న అనుమానపు చూపు పడిన సమాజం మనది. ఎంతమందికి అన్న అంచనా వేసే ప్రయత్నం నేను చేయను. ఆధారం లేని అంకె అక్కడి నుంచి వచ్చిన ప్రతి ఆడమనిషినీ మరోసారి గాయపరుస్తుంది.

యుద్ధం ముగిశాక కువైట్ మళ్లీ కట్టుకుంది. లక్షలాది పాలస్తీనీయులు ఆ దేశం వదిలి వెళ్లగా, భారతీయులే అక్కడ అతిపెద్ద విదేశీ సమూహమయ్యారు. మన వాళ్లు కూడా మళ్లీ విమానం ఎక్కారు. ‘చూశారా, ఎంత గుండెధైర్యం’ అనడం తేలిక. కానీ తిరిగి వెళ్లడాన్ని కోలుకున్న గుర్తుగా లెక్కించడం తప్పుదారి పట్టిస్తుంది. వడ్డీ పెరుగుతున్న ఇంట్లో భయపడే మనిషి కూడా బయలుదేరతాడు. అదే యుద్ధం చమురు ధర పెంచి, గల్ఫ్ డబ్బును ఆపి, 1991 జులైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని తాకట్టుకు పంపే స్థితికి దేశాన్ని నెట్టిన కారణాల్లో ఒకటైంది. పీలేరు దగ్గర పల్లెలో ఆడమనిషి తన నగలు కుదువ పెట్టిందంటే అది ఆమె బలహీనత ఎలా అవుతుంది?

కబురు రాని వారాలు, కబురు ఆగని రోజులు

ఇంటి దగ్గర ఉన్నవాళ్ల సంగతి వేరే. 1990లో పల్లెల్లో ఫోను అరుదు. ఉత్తరాలు ఆగిపోయాయి. మనిషి బతికున్నాడా, దారిలో ఉన్నాడా, ఏదైనా గుడారంలో ఉన్నాడా అన్నది వారాలపాటు తెలియదు. వియత్నాంలో జాడ తెలియకుండా పోయిన అమెరికన్ పైలట్ల భార్యలను 1970లలో పరిశీలించిన పాలీన్ బాస్, ఇలాంటి తేలని ఎడబాటు చావు తెచ్చే దుఃఖం కంటే భిన్నంగా మనిషిని కట్టిపడేస్తుందని చూపింది. ఏడవడానికీ వీలులేదు, కుదుటపడటానికీ వీలులేదు. ఆమె పరిశోధన ఏళ్ల తరబడి జాడలేని మనుషుల గురించి. మన దగ్గర చాలా కుటుంబాలకు ఆ స్థితి వారాల్లో, నెలల్లో ముగిసింది. అందుచేత ఆ పోలికను పరిమితంగానే వాడాలి. అయినా కొన్ని వారాల అనిశ్చితి కూడా, చంటిపిల్లలతో ముసలివాళ్లతో ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న మనిషికి, చిన్నదేమీ కాదు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధ సమయంలో ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు పడ్డ రాత్రి కువైట్ సహా కొన్ని గల్ఫ్ దేశాలు కాసేపు తమ గగనతలాన్ని మూసేశాయి. అలాంటి రాత్రి మన పల్లెల్లో వాట్సాప్ నిద్రపోదు. వీడియో మీద వీడియో వస్తుంది, ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు. సెప్టెంబరు 11 దాడులు, ఇరాక్ యుద్ధం తొలి రోజుల మీద రాక్సేన్ సిల్వర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట్లో రోజుకు నాలుగు గంటలు, అంతకు మించి టీవీలో ఆ దృశ్యాలు చూసినవాళ్లలో రెండు మూడేళ్ల తర్వాత కూడా ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. అంతకుముందు నుంచి ఉన్న మానసిక ఆరోగ్య సమాచారాన్ని కూడా వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. అయినా భయపడే స్వభావం ఉన్నవాళ్లే ఎక్కువసేపు చూస్తారన్న సందేహం పూర్తిగా పోదు. పైగా అమెరికా ప్రేక్షకుడికి ఆ తెరమీద సొంత బిడ్డ ఉండే అవకాశం తక్కువ. మన తల్లికి ఆ వీడియోలోని ఊళ్లో కూతురు ఉంది. ఆమెను చూడటం మానుకోమని సలహా ఇవ్వడంలో అర్థం లేదు. కూతురితో నేరుగా మాట్లాడే ఏర్పాటు ఉంటే వీడియోల అవసరమే తగ్గుతుంది.

ఇంటికి చేరాక ఎదురయ్యే కష్టమే పెద్దది కావచ్చని ఉక్రెయిన్ నుంచి వచ్చిన వైద్య విద్యార్థుల అనుభవం ఇంకో పక్క నుంచి చెబుతుంది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయ్యాక ఆపరేషన్ గంగ కింద, ఇతర మార్గాల్లో కలిపి సుమారు 22,500 మంది భారతీయులు తిరిగొచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు. బంకర్లలో గడిపిన రాత్రుల గురించి అందరూ అడిగారు. ఆ తర్వాత ఏడాదికి పైగా వాళ్లను వేధించింది మాత్రం చదువు చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న. చివరి ఏడాది పిల్లలకు ఇక్కడే పరీక్ష రాసే ఒకే ఒక్కసారి అవకాశం, దాని తర్వాత రెండేళ్ల ఇంటర్న్‌షిప్ అన్న పరిష్కారం సుప్రీంకోర్టు ముందు తేలేసరికి 2023 మార్చి వచ్చింది. ఇంటి మీద విద్యా రుణం అలాగే ఉంది.

సైనికుల కుటుంబాల గురించి చెప్పదగ్గ ఆధారం ఇంతకంటే తక్కువ. 2020 నవంబరు 8న కశ్మీర్‌లోని మచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో జరిగిన పోరులో ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి అమరుడయ్యారు. 2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చారు. ఊరంతా కదిలింది, నాయకులు వచ్చారు, సాయం ప్రకటించారు. ఆ జనం చెదిరిపోయాక ఇంట్లో ఏమవుతుందో కొలిచే పద్ధతి మనకింకా అలవాటు కాలేదు. బతికి ఇంటికొచ్చిన సైనికుల విషయంలో బ్రిటన్ లెక్క ఒకటి పనికొస్తుంది. ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల కాలపు సిబ్బంది దాదాపు 10,000 మందిని అడిగి 2010లో ప్రచురించిన అధ్యయనంలో పీటీఎస్‌డీ లక్షణాలు 4 శాతం మందిలోనే కనిపించాయి. హాని చేసే స్థాయి తాగుడు 13 శాతం. సినిమాల్లో చూసే పీడకలల కోసమే వెతికితే సీసా వెనక దాగిన బాధ కంటబడదని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఆ దేశపు తాగుడు అలవాట్లు వేరు కాబట్టి అంకెను మాత్రం ఇక్కడికి ఎత్తుకురాకూడదు.

ముప్పయ్యైదేళ్ల తర్వాత అడగడం

ఇప్పుడు వెళ్లి అడిగితే ఏం తెలుస్తుంది? జ్ఞాపకం గురించి ఒక హెచ్చరిక అదే యుద్ధం నుంచి వచ్చింది. 1991 గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు 59 మందిని స్టీవన్ సౌత్‌విక్ బృందం తిరిగొచ్చిన నెలకు ఒకసారి, మళ్లీ రెండేళ్లకు ఒకసారి అవే ప్రశ్నలు అడిగింది. 88 శాతం మంది కనీసం ఒక జవాబు మార్చారు. ముందు చూడలేదన్న ఘోరాన్ని తర్వాత చూశామన్నారు, అలా అన్నవాళ్లలో లక్షణాలు ఎక్కువున్నవాళ్లు ముందున్నారు. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. బాధ కాలం గడిచేకొద్దీ గతాన్ని తిరగరాస్తుంది. రెండేళ్లకే అంత మార్పయితే, 35 ఏళ్లకు ఎంత ఉంటుంది? అందుకే వట్టి నోటి మాట మీద అంకెలు కట్టడం నాకు సమ్మతం కాదు. ఆ మాటను కాగితంతో కలిపి చదవాలి.

కాగితాలు ఉన్నాయి. పరిహార దరఖాస్తుల్లో ఎవరు ఎప్పుడు కువైట్ విడిచారో, ఎంత జీతం పోయిందో ఉంటుంది. కుదువ రసీదులు, ప్రామిసరీ నోట్లు ఇళ్లలో ఉంటాయి. అదే పీలేరు, మదనపల్లె ప్రాంతం నుంచి ఆ ఏళ్లలోనే సౌదీకి, దుబాయ్‌కి పోయి యుద్ధంలో చిక్కుకోనివాళ్లూ ఉన్నారు. రెండు గుంపులనూ పక్కపక్కన పెడితే, వలస బతుకు తెచ్చిన బాధ ఎంత, యుద్ధం తెచ్చింది ఎంత అన్నది కొంతైనా విడదీయవచ్చు. కేరళలో 1998 నుంచి వరుసగా వలస సర్వేలు జరుగుతున్నందువల్లే అక్కడ ఇలాంటి పోలికలు వీలవుతున్నాయి. తిరుపతిలో 1954 నాటి నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, వైద్య కళాశాలలు ఉన్నాయి. భాష తెలిసిన, ఇళ్లలోకి వెళ్లగలిగిన పరిశోధక విద్యార్థినులు ఇక్కడే ఉన్నారు. ఈ పని వేరే ఎవరో వచ్చి చేయాలని చూడనక్కర్లేదు.

అడిగే తీరులో మాత్రం రెండు జాగ్రత్తలు తప్పవు. ప్రశ్నావళిలో పీడకలల గురించి ఎన్ని ప్రశ్నలు ఉంటాయో అప్పు, వడ్డీ, ఇంట్లో కొట్లాట, ఊరి మాట గురించి కనీసం అన్ని ఉండాలి. నొప్పులు, గుండెదడ, నిద్రలేమి అని చెప్పుకునే మనిషి మనసు బాధ గురించే చెబుతుండవచ్చని గుర్తెరగాలి. రెండోది, జరిగిందంతా ఒకే విడతలో చెప్పించడం మేలు చేస్తుందన్న నమ్మకం తప్పని ప్రయోగాల్లో తేలింది. 1997లో కాలిన గాయాల రోగుల మీద జరిగిన పరీక్షలో అలా చెప్పించినవాళ్లలో 13 నెలల తర్వాత 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది, చెప్పించనివాళ్లలో 9 శాతం. గుంపు చిన్నది, రెండు వర్గాల గాయాల తీవ్రతలోనూ తేడా ఉంది. అయినా తర్వాతి సమీక్షలు కూడా ఆ పద్ధతిలో మేలు చూడలేకపోయాయి. చెప్పదలచుకోని ఆడమనిషిని బలవంతంగా చెప్పించే హక్కు ఏ పరిశోధనకూ లేదు.

మేలు చేసేదానికి మెరుగైన ఆధారం పెషావర్ నుంచి ఉంది. హింసతో నలిగిన ఆ ప్రాంతంలో 346 మంది మీద జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, డాక్టర్లు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఐదు విడతల్లో ఒక్కొక్కరితో కూర్చున్నారు. ఒత్తిడి తగ్గించుకునే తీరు, ఎదురుగా ఉన్న సమస్యను ముక్కలు చేసి ఒక్కొక్కటిగా పరిష్కరించుకునే తీరు, నలుగురి అండ మళ్లీ కూడగట్టుకునే తీరు నేర్పారు. మూడు నెలల తర్వాత ఆందోళన, కుంగుబాటు రెండూ తగ్గాయి. మూడు నెలలంటే కొద్దికాలమే, అప్పు అలాగే ఉన్న ఇంట్లో ఆ మేలు ఎన్నాళ్లు నిలుస్తుందో ఇంకా చూడాలి. కానీ మన ఆశా కార్యకర్తలు చేయగలిగిన పని అది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు తెలుగులో మాట్లాడవచ్చు. ఇలాంటి మానసిక సాయంతోపాటు కువైట్ అప్పుల గురించి న్యాయ సలహా ఇచ్చే మనిషి కూడా ఉంటే ఎలాంటి తేడా వస్తుందో పరీక్షించదగ్గ ప్రశ్న. నా అంచనా సరైనదైతే రెండూ కలిసినచోటే ఎక్కువ మేలు కనిపించాలి. కనిపించకపోతే నా వాదన సడలినట్టే.

1990లో పాతికేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటుతున్నారు. బీపీ, షుగరు మాత్రల కోసం నెలనెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తున్నవాళ్లలో వాళ్లూ ఉంటారు. గల్ఫ్‌లో ఎప్పుడైనా పనిచేశారా, ఎప్పుడు, ఎలా తిరిగొచ్చారు, నిద్ర ఎలా ఉంది, బాకీలేమైనా మిగిలాయా అన్న నాలుగు ప్రశ్నలు ఆ వరుసలోనే, చాటుగా, అడగవచ్చు. పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతాల కేంద్రాలతో మొదలుపెడితే ఏడాదిలో తొలి లెక్క చేతికొస్తుంది.